తోడికోడలి ఆది

సునంద చీర కడితే కుచ్చిళ్లు నిలబడతాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుని నేను మూడేళ్లు కుళ్లాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

సునంద నా తోడికోడలు. మా ఆయన వీరభద్రం, వాళ్లాయన చిట్టిబాబు అన్నదమ్ములు. కాకినాడలో ఒకటే ఇల్లు, కింద మేము, పైన వాళ్లు. నాకు నలభై రెండు, ఆమెకి ముప్ఫై నాలుగు. మెట్లు దిగేటప్పుడు ఎడమచెయ్యి కుచ్చిళ్ల మీద ఆనించి, నెమ్మదిగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతుంది. ఎంత వయ్యారమో అని పళ్లు కొరుక్కునేదాన్ని. పొట్ట బల్లపరుపు. దాని కింద కూడా బల్లపరుపే.

నాది అలా కాదు. ఇద్దరు పిల్లలూ ఆపరేషన్‌తోనే పుట్టారు. ఆ తరువాత బాగా లావెక్కి, మళ్లీ పట్టుబట్టి పద్నాలుగు కిలోలు తగ్గాను. ముఖం తగ్గింది, జబ్బలు తగ్గాయి, నడుం తగ్గింది. కోత గీతకి కింద, తొడలు కలిసే చోటుకి పైన ఉండే మెత్తటి ఉబ్బు మాత్రం తగ్గలేదు సరికదా, చుట్టూ ఒళ్లు కరగడంతో ఇంకా బయటపడింది. డాక్టర్లు దాన్ని మాన్స్ అంటారు. మా ఇంట్లో దానికి పేరే లేదు. పేరు లేనిదాని గురించి ఎవరితో చెప్పుకుంటాం? చీర కడితే కుచ్చిళ్లు దాని మీదకెక్కి ముందుకి తోసుకొస్తాయి. పంజాబీ డ్రెస్ వేసుకుంటే గాలి వీచినప్పుడల్లా చెయ్యి అక్కడికే పోతుంది.

ఒకరోజు మా ఆయన టీ తాగుతూ, సునంద కడితే మామూలు నేత చీర కూడా పట్టుచీరలా ఉంటుందన్నాడు. ఆ మాటలో ఏమీ లేదు, నాకూ తెలుసు. అయినా ఆ పూట ఆయన కూరలో నేను ఉప్పు వెయ్యలేదు.

ఎవరికీ చెప్పకుండా ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లొచ్చాను. ఆయన పెన్నుతో నెలవంక గీసి, ఇంతమేర కోసి, కొవ్వు తీసి, మిగిలింది పైకి లాగి కుడతామన్నాడు. వాపు నెలల తరబడి ఉండొచ్చు, స్పర్శ తగ్గొచ్చు, ఒక్కోసారి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు అని కూడా దాచకుండా చెప్పాడు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను. ఈ పొట్ట మీద ఇప్పటికే రెండు కోతలు పడ్డాయి, మూడోది అంటే నాకు భయం.

కత్తి లేని దారి ఒకటి ఉందని నాకు తెలుసు. అది పుట్టింది నేను పనిచేసే చోటే.

బీచ్ రోడ్డులో మా ల్యాబు. కణాల గదిలో పదకొండేళ్లుగా నేను టెక్నీషియన్‌ని. నా పైఅధికారి ఫిరోజా మేడం. ఆవిడ కనిపెట్టింది ఇదీ: ఒంట్లో ఏ చోటు ఎంతవరకు పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్న కొలత ఆ చోటి వెంట్రుక కుదురులో ఉంటుంది. ఆ కుదురుని సీసాలో పెంచి, దాని రసం తీసి, ఇంకొకరి ఒంట్లో అదే చోట ఎక్కిస్తే, నలభై రోజుల్లో అక్కడి కండ, కొవ్వు, నరాలు, అన్నీ ఆ కొలతకి సర్దుకుంటాయి. ముందు కాలిన గాయాల వాళ్లకి చేశారు. చెంప కాలిపోయిన ఒక పిల్లకి చెల్లెలి కొలతతో చెంప రావడం నేను కళ్లారా చూశాను. నవ్వితే చెల్లెలి సొట్ట కూడా పడింది.

కొలత ఇచ్చే మనిషిని మేడం ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా అంటుంటే, ఆది అంటే సరిపోదా మేడం అన్నది నేనే. మా నాన్న రామచంద్రపురంలో దర్జీ. ఎవరు జాకెట్టు గుడ్డ తెచ్చినా, ఆది జాకెట్టు ఏదమ్మా అని అడిగేవాడు. ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఇస్తే దాన్ని పెట్టుకుని కొత్తది కత్తిరించేవాడు. అప్పటినుంచీ మా ల్యాబులో అందరిదీ ‘ఆది’ మాటే.

ఆ ఏడాది మాన్స్ మీద ప్రయోగం చెయ్యడానికి ఏడుగురికి అనుమతి వచ్చింది. ఆరుగురు కుదిరారు. ఏడోదాన్ని నేను ఉంటానన్నాను. మేడం నన్ను పైనుంచి కిందదాకా చూసి ఫారం ఇచ్చింది. అందులో ‘ఎందుకు?’ అన్నచోట బట్టలు సరిగా పట్టడం కోసం అని రాశాను. ‘ఆది ఎవరు?’ అన్నచోట సునంద పేరు రాశాను. మిగిలిన ఆరుగురి ఆదుల్నీ మేడం ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒప్పుకున్నారో లేదో గుచ్చి గుచ్చి అడిగింది. నా విషయంలో సంతకం ఉంటే చాలంది. పదకొండేళ్ల నమ్మకం మరి.

సునందని అడిగితే ఇచ్చేదేమో. అడగడానికి నాకు నోరు రాలేదు. నీ ఒళ్లు నాకు కావాలే అని ఏ తోడికోడలు అడుగుతుంది?

ఆమె నెలనెలా రెండో ఆదివారం ఒంటికి వ్యాక్స్ చేసుకుంటుంది. ఆ వాసన మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. ఆ ఆదివారం మా కుళాయి పాడైందని చెప్పి పై బాత్రూంలోకి వెళ్లాను. నలభై రెండేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, తోడికోడలి చెత్తబుట్ట ముందు గొంతుక్కూర్చుని, వ్యాక్స్ పట్టీల్లోంచి ఏ వెంట్రుక ఎక్కడిదో పోల్చుకుంటూ, పట్టకారుతో నాలుగు కుదుళ్లు తీసి ల్యాబు సీసాలో వేసుకున్నాను. ఆ సీసా మర్నాటిదాకా మా ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె వెనక ఉంది. సంతకం కూడా నేనే చేశాను. సునంద తన పేరు కింద గీత గీసి రెండు చుక్కలు పెడుతుంది. అవి కూడా మరిచిపోలేదు.

మనిషికి ఎక్కించే ముందు పళ్లెంలో పరీక్ష ఉంటుంది. నా పొట్ట కింది భాగానికి అచ్చు తీసి పోల్చడానికి పక్కన పెట్టి, పళ్లెంలో నా కణాలతో చదునైన పొర పెంచారు. ఆది రసం వేశాక నలభై రోజుల మార్పు పళ్లెంలో తొమ్మిది రోజుల్లో తెలిసిపోతుంది. పొద్దున్న వెళ్లగానే చేతులు కడుక్కుని మొదట ఆ పళ్లెం దగ్గరికే వెళ్లేదాన్ని. మధ్యలో ఇంటి దగ్గర సునంద కనిపిస్తే, ఇంకో నెల ఆగవే అని లోపల్లోపల అనుకునేదాన్ని. ఒక లేత రంగు షిఫాన్ చీర కూడా కొని బీరువాలో దాచాను. షిఫాన్ అంటే ఒంటి మీది గీతగీతా చూపిస్తుంది.

మూడోరోజు పొర కదిలింది. ఐదోరోజుకి మధ్యలో ఎత్తు వచ్చింది. ముందు పొంగి తరువాత అణుగుతుందేమో అనుకున్నాను. ఏడోరోజుకి ఇంకా లేచింది. తొమ్మిదోరోజు పొద్దున్న చూసేసరికి పళ్లెంలో నాదే ఉంది. అదే ఉబ్బు, అదే గుండ్రం. మేడం కొలత యంత్రం పెట్టి చూసి, నా పాత అచ్చుతో పోల్చి, వెంట్రుక మందం తేడా కూడా లేదంది.

“హైమగారూ, ఎక్కడో మీ వెంట్రుకే సీసాలో పడి ఉంటుంది. రేపు పదకొండింటికి ఈ పళ్లెం, ఆ సీసా కాల్పించేద్దాం. ఆ అమ్మాయి దగ్గర మళ్లీ తీసుకురండి” అంది.

సరే మేడం అన్నాను. కానీ నా వెంట్రుక పడలేదు. ఆ పని పదకొండేళ్లుగా చేస్తున్న చెయ్యి ఇది. మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం కలుపుకుంటూ ఉంటే మా నాన్న గుర్తొచ్చాడు.

ఆది జాకెట్టు చేతికి రాగానే ఆయన కొలిచేవాడు కాదు. ముందు తిరగేసేవాడు. లోపల మడత ఎంత ఉంది, ఎవరైనా మధ్యలో బిగించి కుట్టారా అని కుట్టుకుట్టూ తడిమి చూసేవాడు. పైకి చూస్తే సన్నంగానే ఉంటుంది, గుడ్డంతా లోపలే మడిచి ఉంటుంది అనేవాడు. దర్జీ కూతుర్నయి ఉండి నేను ఆదిని తిరగేసి చూడలేదు. పైనుంచి చూసి తెచ్చేశాను. కుదురుకి కత్తి సంగతి తెలియదు. అది పుట్టుకతో వచ్చిన కొలతే చెప్తుంది.

సునందది కోయించుకున్న ఒళ్లు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు మొదట కలిగింది సంతోషం. అన్నం సగంలో వదిలేసి లేచాను. మూడేళ్లు దేన్ని చూసి ఏడ్చానో అది ఆమెది కాదు. పుట్టుకతో ఆమె, నేనూ ఒకటే. సాయంత్రం బస్సు దిగి, చెప్పులు కూడా విప్పకుండా మేడ మెట్లెక్కాను.

ఆరిన బట్టలు మంచం మీద వేసి మడతపెడుతోంది. చిట్టిబాబు ఇంకా రాలేదు. ఎదురుగా కూర్చుని, ఎక్కడ చేయించుకున్నావే అని అడిగాను. ఏది అంది. దిగువ పొట్ట వైపు చూపించాను. ఆమె చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. నాకెలా తెలిసిందో అంతా చెప్పాను, చెత్తబుట్టతో సహా. చెప్తున్నంతసేపూ నాకు గెలిచినట్టే ఉంది.

“నా బుట్టలోంచి తీసుకెళ్లేవా అక్కా” అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

తరువాత గోడవైపు చూస్తూ చెప్పింది. పెళ్లికి ముందు సంగతి. ఊరు కాని ఊళ్లో ఉద్యోగం. గదిలో ఉండే అమ్మాయిలు ఏదో అని నవ్వారట. కోయించుకుంది. చేసినవాడు తియ్యాల్సినదానికంటే ఎక్కువ తీసేశాడు, లాగి కుట్టాడు. నిటారుగా నిలబడితే లోపల పట్టి లాగుతుంది. తుమ్మితే, దగ్గితే, మెట్లు దిగితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. చిట్టిబాబుకి హెర్నియా ఆపరేషన్ అని చెప్పింది. అత్తగారికీ అదే చెప్పింది.

“నొప్పి పరవాలేదక్కా, అలవాటైపోయింది. అసలు ఆ చోటే నాది కాదు. ముట్టుకుంటే గోడ ముట్టుకున్నట్టుంటది. ఆయన చెయ్యేస్తే చెయ్యేసేడని చూసి తెలుసుకోవాలి” అంది.

మడతపెట్టిన తువ్వాలు మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాను. ఆమే అడిగింది.

“అది బతికే ఉందా?”

“ఏది?”

“నీ సీసాలో ఉన్నది.”

ఉందన్నాను. రేపు పదకొండింటికి కాల్చేస్తారన్నాను. ఆమె తలూపి, పోనీలే అంది, పోయేదే కదా అంది. అదే సమయానికి తుమ్ము వచ్చింది. ఎడమచెయ్యి కుచ్చిళ్ల మీద గట్టిగా అదుముకుని, కళ్లు మూసుకుని తుమ్మింది.

ఆ సీసాలో ఉన్నది ఏమిటో ఆమెకి తెలియదు, నాకు తెలుసు. అది ఆమె ఒంటి సొంత కొలత. ఆమెకే ఎక్కిస్తే, పోయిన కండ, పోయిన నరాలు మళ్లీ పెరుగుతాయి. మళ్లీ ఇంకోసారి తీసుకోవచ్చు కదా అంటే, కోత పడిన చోటి కుదురు సీసాలో బతకడం మాటలు కాదు. పదకొండేళ్లలో నేను చూసింది రెండే. ఇది మూడోది. కాల్చడం ఆగాలంటే సీసాలో పడింది నా వెంట్రుక కాదని, సంతకం దొంగదని నేను నోరు విప్పి చెప్పాలి.

మర్నాడు పదింటికి కణాల గదిలో ఆ సీసా ముందు నిలబడ్డాను. నా లోపల ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొగుడి మెప్పు, ఊరి మెప్పు, కుచ్చిళ్లు, అన్నీ ఇన్నాళ్లూ సునందే అనుభవించింది. తీయించుకునేదీ ఆవిడే, తిరిగి పెట్టించుకునేదీ ఆవిడేనా? మధ్యలో నేను ఉద్యోగం పోగొట్టుకోవాలా? పదిన్నర దాకా అలాగే నిలబడ్డాను. నోరు మూసుకుంటే ఇంకో ఆదిని వెతుక్కోవచ్చు, ప్రయోగంలో నా ఏడో చోటు నాకు ఉంటుంది. షిఫాన్ చీర బీరువాలో ఉంది.

గాజు తలుపులో నా నీడ కనిపించింది. ఎడమచెయ్యి కుచ్చిళ్ల మీద ఉంది.

అది నా అలవాటు కాదు. సునందని చూసి నేర్చుకున్నది. తలుపేసుకుని, అద్దం ముందు, ఎంత ఎత్తులో పెట్టుకుంటుందో, వేళ్లు ఎలా ఉంచుతుందో చూసి చూసి నేర్చుకున్నాను. పెళ్లిళ్లకి అలాగే నడిచాను. ఆమెకి అక్కడ నొప్పి. దాన్ని నేను వయ్యారం అనుకుని మూడేళ్లుగా నడుస్తున్నాను. చెయ్యి తీసేశాను.

పదీ నలభైకి మేడం గదిలోకి వెళ్లి చెప్పేశాను. బుట్ట, పట్టకారు, ఇడ్లీపిండి, రెండు చుక్కల సంతకం, ఏదీ దాచలేదు. మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ముందు ఫోన్ చేసి పదకొండింటికి కాల్చేయడం ఆపించింది.

“ఆ పిల్ల ఒంటి రహస్యం పళ్లెంలో పెట్టి మేమందరం తొమ్మిది రోజులు చూశాం. మీరు చూపించారు” అంది. “నేను ఆ పిల్లని పిలిచి అడగలేదు, అదే నా తప్పు.”

తిడితే సర్దుకునేదాన్ని. ఏడో చోటు నాకు పోయింది. కణాల గది తాళం ఇచ్చేయమంది. కమిటీ ఏదో ఒకటి తేల్చేవరకు గాజు సామాను కడిగే గదిలో పని. నిన్నటిదాకా నేను పని నేర్పిన పిల్లలు కడగాల్సిన సీసాలు తెచ్చి నా ముందు పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయేవాళ్లు.

సునందని మేడం స్వయంగా పిలిపించింది. గంటసేపు మాట్లాడింది. మొదటి మూడు రోజులు ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే చిట్టిబాబుకి నిజం చెప్పాలి. నాలుగోరోజు చెప్పింది. దాచినందుకు అతను రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడోరోజు, నొప్పిగా ఉండేదా అని అడిగాడట. నాతో మాత్రం ఆమె మాట్లాడటం మానేసింది. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకునేది. అంతే ప్రాప్తం అనుకున్నాను.

పళ్లెం చూస్తానని ఆమే అడిగిందట. నేను సీసాలు కడిగే గది కిటికీలోంచి కణాల గది కనిపిస్తుంది. మేడం గ్లవ్ తొడిగి, ఆ ఉబ్బు మీద వేలు పెట్టమంది. సునంద వేలు పెట్టి ఒత్తింది. వేలి కింద పొర సన్నగా ముడుచుకుంది. నరం ఉంటేనే అలా ముడుచుకుంటుంది. ఆమె వేలు తియ్యలేదు. మేడం ఏదో చెప్తోంది, ఆమె వింటున్నట్టు లేదు. తరువాత ఫారం తెచ్చుకుని కూర్చుంది. ‘ఆది ఎవరు?’ అన్నచోట తన పేరే రాసింది. కింద గీత, రెండు చుక్కలు.

ఆమెకి ఎక్కించాక నలభై రోజులు పట్టలేదు. ఇరవై ఆరోరోజు సాయంత్రం నేను పప్పు రుబ్బుతుంటే మెట్ల మీద చప్పుడైంది. సునంద వంటింటి గుమ్మంలో నిలబడింది. రెండు నెలలకి మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చింది.

“అక్కా, ఇందాక స్నానం చేస్తుంటే వేణ్ణీళ్లు తగిలేయి” అంది.

“వేణ్ణీళ్లు తగలకపోతే చన్నీళ్లు తగులుతాయా?” అన్నాను, రుబ్బు ఆపకుండా. అర్థమయ్యాక ఆపాను. ఆమె అప్పటికే గుమ్మం మీద కూర్చుని ఏడుస్తోంది. పిండి చెయ్యితోనే వీపు నిమిరాను. ఇంకా కోపంగానే ఉంది నీమీద అని ఏడుస్తూనే చెప్పింది. ఉండనియ్యవే అన్నాను.

కమిటీ నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు, కణాల గదిలోకీ రానివ్వలేదు. వచ్చే ఏడాది ప్రయోగానికి మళ్లీ ఫారం పెట్టుకోవచ్చంది మేడం, ఈసారి ఆది తన ఎదురుగా కూర్చుంటేనే. ఫారం తెచ్చుకున్నాను. ‘ఎందుకు?’ అన్నచోట ఇంకా ఏమీ రాయలేదు. ఆలోచిస్తున్నాను. కుచ్చిళ్లు నావి ఇప్పటికీ నిలబడవు.

మొన్న ఆడపడుచు కొడుకు పెళ్లికి బయలుదేరాం. దాచిన షిఫాన్ చీర తీసి సునందకి ఇచ్చాను, నాకు ఎలాగూ కుదరదు కదా అని. కట్టుకుని కిందికి దిగింది. చేతులు రెండూ వదిలేసి, చకచకా, రెండేసి మెట్లు. కింద ఉబ్బు తెలుస్తూనే ఉంది. కుచ్చిళ్లు దాని మీదుగా జారి, గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆమె సర్దుకోవట్లేదు. మా ఆయన కారు తుడుస్తూ తలెత్తి, ఏమ్మా ఇవాళ మరీ కళగా ఉన్నావే అన్నాడు. పెళ్లయిన నాటినుంచి నన్ను ఒక్కసారీ ఆ మాట అన్న పాపాన పోలేదు.

హాల్లో అద్దం ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. అదే ఉబ్బు, అదే గుండ్రం. వెంట్రుక మందం తేడా లేదని యంత్రమే చెప్పింది. ఎటునుంచి చూసినా ఆమెదే బాగుంది.

నా ముఖం చూసి, “ఇప్పుడేంటక్కా?” అంది.

“ఏం లేదే. కుళ్లు” అన్నాను.

నవ్వబోయింది. ఇంతలో తుమ్ము వచ్చింది. ఒక చేత్తో పూలు పట్టుకుని, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, ఇల్లు అదిరేలా తుమ్మింది.